25 పాయింట్ల షరతు: అయోవా ఫుట్‌బాల్ జట్టులో ‘మెరిట్’ ఎవరికి వర్తించింది?

2023 ఫిబ్రవరిలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఒకరి ఒప్పందాన్ని సవరించింది. ఆయన జీతం ఏడాదికి 9 లక్షల డాలర్ల నుంచి 8.5 లక్షలకు తగ్గింది. వచ్చే సీజన్‌లో జట్టు మ్యాచ్‌కు సగటున 25 పాయింట్లు చేయాలి, కనీసం 7 మ్యాచ్‌లు గెలవాలి, లేకపోతే ఒప్పందం ముగిసిపోతుంది. ఆ కోచ్ పేరు బ్రయన్ ఫెరెంట్జ్. జట్టు అఫెన్స్‌కు, అంటే పాయింట్లు సంపాదించే విభాగానికి, ఆయనే బాధ్యుడు. జట్టు హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్జ్ ఆయన తండ్రి.

ఈ షరతు మీద అమెరికా క్రీడాలోకం నెలల తరబడి జోకులు వేసుకుంది. సీజన్‌కు 13 మ్యాచ్‌లు అనుకుంటే 25 చొప్పున 325 పాయింట్లు కావాలి. ప్రతి శనివారం మ్యాచ్ అయ్యాక అభిమానులు ఇంకా ఎన్ని కావాలో లెక్కలు కట్టేవారు. మేం ఈ వ్యాసంలో ఆ జోకుల వెనక ఉన్న విషయాన్ని చూడదలిచాం. గజాలతో, పాయింట్లతో, ర్యాంకులతో అన్నీ కొలిచే ఆటలో ఒక విభాగం దేశంలోనే అట్టడుగుకు చేరినా దాని నాయకత్వం మారడానికి ఏళ్లు ఎందుకు పట్టింది? అదే జట్టులో నల్లజాతి ఆటగాళ్ల మాట వినడానికి అంతకంటే ఎక్కువ కాలం ఎందుకు పట్టింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే గదిలో ఉందని మేం అనుకుంటున్నాం.

ముందు ఆట గురించి నాలుగు మాటలు

అమెరికన్ ఫుట్‌బాల్ మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, లేదా ముందుకు విసురుతారు. రెండు వైపులా పదకొండు మంది చొప్పున ఆడతారు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. జరగలేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. అందుకే చాలాసార్లు మూడు ప్రయత్నాలు విఫలమయ్యాక నాలుగోసారి బంతిని కాలితో దూరంగా తన్నేస్తారు. దీన్ని పంట్ అంటారు. బంతి ఎలాగూ పోతుంది కాబట్టి, ప్రత్యర్థికి మన గీతకు వీలైనంత దూరంలో అప్పగించడం దీని ఉద్దేశం.

బంతితో ప్రత్యర్థి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత ఒక అదనపు పాయింటుకు అవకాశం ఉంటుంది. కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. ప్రత్యర్థిని వాళ్ల గీత వెనకే పట్టి పడేస్తే సేఫ్టీ, 2 పాయింట్లు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడే మరుక్షణం పట్టేవాళ్లలో ఒకడవుతాడు. ఇక్కడ అలా కాదు. దాడి చేసే అఫెన్స్ వేరు, అడ్డుకునే డిఫెన్స్ వేరు. ఆటగాళ్లు వేరు, కోచ్‌లూ వేరు. అందుకే ఎవరి పని ఎలా ఉందో విడివిడిగా లెక్కగట్టడం సులువు. 

అంకెలు ఏం చెప్పాయి

కర్క్ ఫెరెంట్జ్ 1999 సీజన్ నుంచి అయోవా హెడ్ కోచ్. బ్రయన్ 2012లో సహాయ కోచ్‌గా చేరి 2017లో అఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యారు. ఆయనకు అర్హతలు లేవనడం సరికాదు. ఆయన అదే విశ్వవిద్యాలయం తరఫున ఆడారు, తర్వాత న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ అనే అగ్రశ్రేణి ప్రొఫెషనల్ జట్టులో పనిచేశారు. అందువల్ల ఆయన ఎలా వచ్చారన్నది మా ప్రధాన ప్రశ్న కాదు. ఫలితాలు రానప్పుడు ఎలా ఉండగలిగారన్నదే ప్రశ్న.

2021లో అయోవా 10 మ్యాచ్‌లు గెలిచింది. కానీ మ్యాచ్‌కు సాధించిన గజాల లెక్కలో అఫెన్స్ దేశంలో 121వ స్థానంలో ఉంది. ఆ సీజన్ తర్వాత క్వార్టర్‌బ్యాక్ కోచ్ ఆ బాధ్యత నుంచి తప్పుకుంటే, దాన్ని కూడా బ్రయన్‌కే అప్పగించారు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరే కీలక ఆటగాడు. ర్యాంకు పడిపోయినవారికి బాధ్యత పెరిగింది.

2022లో మొదటి మ్యాచ్ ఒక మెట్టు కింది డివిజన్‌కు చెందిన సౌత్ డకోటా స్టేట్‌తో. అయోవా 7–3తో గెలిచింది. ఆట తెలిసినవాళ్లు 7 చూడగానే ఒక టచ్‌డౌన్, ఒక అదనపు పాయింటు అనుకుంటారు. ఇక్కడ టచ్‌డౌనే లేదు. ఒక ఫీల్డ్ గోల్‌కు 3, రెండు సేఫ్టీలకు 4. అంటే గెలిపించిన పాయింట్లలో సగానికి పైగా డిఫెన్స్ సంపాదించినవే. ఆ ఏడాది సగటు 17.7 పాయింట్లు. గజాల లెక్కలో 131 జట్లలో 130వ స్థానం. సీజన్ చివరి మ్యాచ్‌లో కెంటకీ మీద 21–0తో గెలిచినప్పుడు కూడా మూడు టచ్‌డౌన్లలో రెండు డిఫెన్స్ ఆటగాళ్లు ప్రత్యర్థి బంతిని గాలిలో లాక్కుని చేసినవి.

2023లో 25 పాయింట్ల షరతు అమల్లో ఉండగా సగటు 15.4కు పడిపోయింది. గజాల లెక్కలో 133 జట్లలో చిట్టచివరి స్థానం. పెన్ స్టేట్ చేతిలో 31–0 ఓటమి. ఆ రోజు అయోవా అఫెన్స్ మొత్తం కలిపి సాధించింది 76 గజాలు. బిగ్ టెన్ ఛాంపియన్‌షిప్‌లో మిషిగన్ చేతిలో 26–0, సిట్రస్ బౌల్‌లో టెనెసీ చేతిలో 35–0. మూడు పెద్ద మ్యాచ్‌లలో ఒక్క పాయింటూ రాలేదు.

అయినా అదే జట్టు ఆ ఏడాది 10 మ్యాచ్‌లు గెలిచి తన విభాగంలో మొదటి స్థానంలో నిలిచింది. ఇది ఎలా సాధ్యమైందో అర్థం చేసుకుంటే మిగతా కథ అర్థమవుతుంది.

ఎవరి శ్రమ, ఎవరి ఖాతాలో?

2023లో అయోవా డిఫెన్స్ ప్రత్యర్థులకు మ్యాచ్‌కు సగటున 15 పాయింట్ల లోపే ఇచ్చింది. దాని కోచ్ ఫిల్ పార్కర్‌కు ఆ ఏడాది దేశంలో అత్యుత్తమ సహాయ కోచ్‌కు ఇచ్చే బ్రోయల్స్ అవార్డు వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పంటర్ టోరీ టేలర్ 14 మ్యాచ్‌లలో 93 సార్లు బంతిని తన్ని మొత్తం 4,479 గజాలు సాధించాడు. ఒక సీజన్‌లో పంట్ గజాల రికార్డు 1938 నుంచి చెక్కుచెదరకుండా ఉండేది. దాన్ని అతను బద్దలు కొట్టాడు. అఫెన్స్ విఫలమైన ప్రతిసారీ పంటర్ మైదానంలోకి రావాలి. అతని రికార్డు అతని ప్రతిభకు నిదర్శనం. అఫెన్స్ ఎన్నిసార్లు విఫలమైందో చెప్పే లెక్క కూడా అదే.

ఒక విభాగం వైఫల్యాన్ని మిగతా విభాగాల చాకిరీ మోసింది. గెలుపు వచ్చినంతకాలం మార్పు ఎందుకన్న వాదన నిలబడింది. ఏ సంస్థలోనైనా ఇది జరిగేదే. కింద పనిచేసేవాళ్లు గట్టిగా ఉంటే పైవాళ్ల లోపం బయటపడదు. 

25 పాయింట్ల షరతునే మళ్లీ చదవండి. అందులో అఫెన్స్ చేసిన పాయింట్లు అని లేదు. డిఫెన్స్ చేసినవీ, పంట్ తిరగ్గొట్టి చేసినవీ అన్నీ లెక్కలోకి వస్తాయి. అంటే 7–3 మ్యాచ్‌లో డిఫెన్స్ సంపాదించిన 4 పాయింట్ల వంటివి కూడా అఫెన్స్ కోచ్ ఖాతాలో జమ అవుతాయి. కొలబద్ద పెట్టామని లోకానికి చెప్పుకుంటూనే, ఇతరుల శ్రమ ఒకరి మెరిట్‌గా నమోదయ్యేలా దాన్ని తయారుచేశారు. అలా పెట్టిన కొలబద్దకూ ఆయన అందలేదు.

ఆటగాళ్లు చాలకనా?

వైఫల్యానికి నిజమైన కారణాలు ఇంకా ఉన్నాయి, వాటిని దాచకూడదు. మిషిగన్ నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ కేడ్ మెక్‌నమారా 2023 సెప్టెంబర్ 30న మోకాలి గాయంతో సీజన్‌కు దూరమయ్యాడు. అతని స్థానంలో వచ్చిన డీకన్ హిల్ విసిరిన పాస్‌లలో సగం కూడా చేరాల్సిన చేతికి చేరలేదు. టైట్ ఎండ్ అనే స్థానంలో ఆడే ఇద్దరు ముఖ్యమైన ఆటగాళ్లు కూడా గాయపడ్డారు. జట్టు ఆడే పద్ధతే జాగ్రత్త ఎక్కువున్న పద్ధతి. పరుగు మీద ఆధారపడటం, బంతి పోగొట్టుకోకుండా ఉండటం, పంట్ చేసి డిఫెన్స్‌ను నమ్ముకోవడం అయోవాలో ఏళ్లుగా ఉన్న అలవాటు. 

అయితే మంచి ఆటగాళ్లు లేకపోవడమే కారణమన్న వాదనకు రెండు ఉదాహరణలు అడ్డు నిలుస్తాయి. చార్లీ జోన్స్ అనే రిసీవర్ 2021లో అయోవాలో 21 పాస్‌లు అందుకుని 323 గజాలు సాధించాడు. 2022లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి మారి 110 పాస్‌లు, 1,361 గజాలు నమోదు చేశాడు. రెండు జట్లూ ఒకే లీగ్‌లో ఆడేవే. రెండో ఉదాహరణ కేలెబ్ జాన్సన్. 2023లో గాయం కొంత అడ్డుపడటంతో ఈ రన్నింగ్ బ్యాక్ అయోవాలో 463 గజాలే పరుగెత్తాడు. 2024లో టిమ్ లెస్టర్ కొత్త అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా వచ్చాక అదే జాన్సన్ 1,537 గజాలు, 21 టచ్‌డౌన్లు సాధించాడు. జట్టు సగటు ఆ ఏడాది 25 దాటింది. పాస్ విసిరే ఆట అప్పటికీ బలహీనంగానే ఉంది, కాబట్టి ఒక్క మనిషి మారితే అన్నీ మారాయని మేం అనడం లేదు. సామర్థ్యం ముందు నుంచీ అక్కడే ఉందని మాత్రం ఈ అంకెలు చెబుతున్నాయి.

మెరిట్ మనిషి లోపల పుట్టుకతో ఉండే సరుకు అనుకునేవాళ్లు జోన్స్ రెండు సీజన్లను పక్కపక్కన పెట్టి చూడాలి. అవకాశం, నేర్పే పద్ధతి, నమ్మకం మారినప్పుడు అదే మనిషి వేరే అంకెలు చూపించాడు.

వినని గది

బంధుప్రీతిని అడ్డుకోవడానికి అయోవా విశ్వవిద్యాలయానికి నిబంధన ఉంది. కొడుకు పనితీరును తండ్రి పర్యవేక్షించకూడదు. అందుకని బ్రయన్ హెడ్ కోచ్‌కు కాకుండా అథ్లెటిక్ డైరెక్టర్ గ్యారీ బార్టాకు జవాబుదారీ అని రాసుకున్నారు. కాగితం మీద నియమం పాటించినట్టే. కానీ రోజూ ఆట నడిపేది తండ్రి. 2022 జనవరిలో ఆయన ఒప్పందాన్ని 2029 వరకు, ఏడాదికి 70 లక్షల డాలర్లకు పొడిగించారు. అంతటి హెడ్ కోచ్ కొడుకును ఆయన ఇష్టానికి వ్యతిరేకంగా తీసేయగలవారు ఆ భవనంలో ఎవరు? నియమం ఉండటం వేరు, దాన్ని వాడే ధైర్యం ఉండటం వేరు.

ఇదే భవనంలోకి నల్లజాతి ఆటగాళ్ల మాట ఎలా చేరిందో చూడండి. అయోవా రాష్ట్ర జనాభాలో నల్లజాతి ప్రజలు 5 శాతం లోపే. ఫుట్‌బాల్ జట్టులో వాళ్ల వాటా అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దేశం మొత్తం మీద చూసినా అగ్రశ్రేణి కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో దాదాపు సగం మంది నల్లజాతివారు, హెడ్ కోచ్‌లలో మాత్రం పదో వంతుకు అటూ ఇటూ. 2021 జూలై దాకా ఆ ఆటగాళ్లు తమ సొంత పేరును వాడుకుని డబ్బు సంపాదించడానికి కూడా నిబంధనలు ఒప్పుకునేవి కావు.

2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, అయోవా మాజీ ఆటగాడు జేమ్స్ డేనియల్స్ జట్టులో జాతి వివక్ష ఉందని ట్విటర్‌లో రాశారు. ఆ వెంటనే పదుల సంఖ్యలో మాజీ ఆటగాళ్లు గొంతు కలిపారు. జుట్టు అల్లిక మీద, దుస్తుల మీద, మాట తీరు మీద ఆంక్షలు, అవమానకరమైన వ్యాఖ్యలు, ‘అయోవా పద్ధతి’ పేరుతో తమను తాము చెరిపేసుకోవాల్సిన ఒత్తిడి గురించి చెప్పారు. విశ్వవిద్యాలయం నియమించిన హష్ బ్లాక్‌వెల్ అనే న్యాయ సంస్థ విచారణ జరిపి, జట్టు నియమాలు జాతిపరమైన, సాంస్కృతికమైన పక్షపాతాన్ని కొనసాగించాయని 2020 జూలైలో తేల్చింది. నల్లజాతి ఆటగాళ్ల ఇబ్బందుల గురించి అంతర్గత కమిటీ నివేదిక 2019లోనే పైవాళ్లకు అందింది. అది చదివినవాళ్లు చేయాల్సిన పనిని ట్విటర్ చేయించింది.

ఎక్కువ ఆరోపణలు ఎదుర్కొన్న స్ట్రెంగ్త్ కోచ్ క్రిస్ డోయల్ 11 లక్షల డాలర్ల పరిహారంతో సంస్థను వీడారు. వివక్ష ఆరోపణలను ఆయన ఖండించారు. 2021 ఫిబ్రవరిలో జాక్సన్‌విల్ జాగ్వార్స్ ఆయన్ను ఉద్యోగంలోకి తీసుకుంటే, ఫుట్‌బాల్‌లో జాతి సమానత్వం కోసం పనిచేసే ఫ్రిట్జ్ పోలార్డ్ అలయెన్స్ గట్టిగా నిలదీసింది. ఆయన వెంటనే రాజీనామా చేయాల్సి వచ్చింది.

2020 నవంబర్‌లో మాజీ ఆటగాళ్లు కోర్టుకు వెళ్లారు. ప్రతివాదుల్లో తండ్రీ కొడుకులు ఇద్దరూ ఉన్నారు. 2023 మార్చిలో కేసు 41.75 లక్షల డాలర్లకు రాజీ అయింది. కోచ్‌లను వ్యక్తిగతంగా కేసు నుంచి తప్పించారు. రాజీ పట్ల తనకు తీవ్ర నిరాశ కలిగిందని కర్క్ ఫెరెంట్జ్ ప్రకటించారు. పరిహారంలో 20 లక్షల డాలర్లు రాష్ట్ర ఖజానా నుంచి, అంటే ప్రజల పన్నుల నుంచి వెళ్లాయి. రాష్ట్ర ఆడిటర్ రాబ్ శాండ్ దానికి వ్యతిరేకంగా ఓటు వేసి, అథ్లెటిక్ డైరెక్టర్‌ను తొలగించాలని డిమాండ్ చేశారు. బార్టా హయాంలో అదే క్రీడా విభాగం 2017లో లింగ వివక్ష కేసుల్లో 65 లక్షల డాలర్లకు రాజీ పడింది.

తేదీలు పక్కపక్కన పెట్టండి. 2023 ఫిబ్రవరిలో 50 వేల డాలర్ల కోతతో బ్రయన్‌కు మరో అవకాశం. 2023 మార్చిలో వివక్ష కేసు పరిహారం. రెండు ఫైళ్లూ ఒకే అథ్లెటిక్ డైరెక్టర్ హయాంలోనివి. జాతి వివక్ష వల్ల పాయింట్లు తగ్గాయని మేం వాదించడం లేదు. దానికి ఆధారం లేదు. రెండు వైఫల్యాలనూ సరిదిద్దాల్సిన గది ఒక్కటేనని, ఆ గదిలోకి ఆటగాళ్ల ఫిర్యాదు చేరలేదని, అందరికీ కనిపించే స్కోరుబోర్డు కూడా చేరలేదని మాత్రమే అంటున్నాం.

గది మారినప్పుడు

బార్టా 2023 ఆగస్టులో పదవీ విరమణ చేశారు. తాత్కాలిక అథ్లెటిక్ డైరెక్టర్‌గా బెత్ గోట్జ్ వచ్చారు. అక్టోబర్ 30న, జట్టు 8 మ్యాచ్‌లలో 6 గెలిచి ఉండగానే, బ్రయన్ ఈ సీజన్ తర్వాత కొనసాగరని ఆమె ప్రకటించారు. అప్పటికి సగటు 20 లోపే. ఇలాంటి నిర్ణయాలు సీజన్ ముగిశాకే తీసుకోవడం తన పద్ధతి అని తండ్రి చెప్పారు. అయినా నిర్ణయం నిలబడింది. నిబంధన పాతదే, అంకెలు ఏళ్ల తరబడి కళ్ల ముందు ఉన్నవే. కుర్చీలో కూర్చున్న మనిషి మారారు, అంతే.

అయోవా ఆడే కినిక్ స్టేడియంలో మైదానానికి 2021లో డ్యూక్ స్లేటర్ పేరు పెట్టారు. ఆయన 1918 నుంచి 1921 వరకు అక్కడ ఆడిన నల్లజాతి ఆటగాడు. అక్కడే న్యాయశాస్త్రం చదివి, తర్వాత చికాగోలో న్యాయమూర్తి అయ్యారు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ను 2020లో, ఆయన మరణించిన అర్ధ శతాబ్దం తర్వాత గుర్తించింది. మైదానానికి ఆయన పేరు పెట్టిన నాటికి మాజీ ఆటగాళ్ల కేసు కోర్టులో నడుస్తూనే ఉంది. చనిపోయినవారిని గౌరవించడానికి సంస్థలకు పెద్దగా ఖర్చు కాదు. బతికున్నవాళ్ల ఫిర్యాదు చదవడమే కష్టం.

రిజర్వుడు పోస్టు ఇంటర్వ్యూ తర్వాత ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అన్న మాట చదివిన మన విద్యార్థులకు ఈ కథ దూరపుదిగా అనిపించదు. కులం, జాతి ఒకటి కాదు, హైదరాబాద్, అయోవా ఒకటి కాదు. అయినా మెరిట్ పేరుతో ఎవరైనా మన ముందుకు వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్నలను ఈ జట్టు లెక్కలు స్పష్టంగా చూపిస్తున్నాయి. కొలబద్ద ఎవరు తయారుచేశారు? అది అందరికీ ఒకే రోజు వర్తిస్తుందా, కొందరికి రోజూ, కొందరికి ఐదారేళ్లకోసారా? అందులో ఎవరి శ్రమ ఎవరి ఖాతాలో పడుతోంది? విఫలమైనవారికి రెండో అవకాశం, మూడో అవకాశం ఇచ్చే అధికారం ఎవరిది, అది ఎవరికి దక్కుతోంది?

జట్టులో చోటు కోసం ఒక ఆటగాడు ప్రతి వారం సాధనలో తనను తాను నిరూపించుకోవాలి. ఒక్క బంతి జారవిడిస్తే బెంచీ మీద కూర్చుంటాడు. అతనికి రాసిపెట్టిన 25 పాయింట్ల ఒప్పందం ఏదీ ఉండదు. 121 నుంచి 130కి, 130 నుంచి 133కి దిగజారే దాకా ఎదురుచూసే ఓపిక అతని విషయంలో ఏ సంస్థా చూపించదు.